అర్థశాస్త్రవేత్త జోన్ రాబిన్సన్ – జీవితము, కృషి

మన పిల్లలు చదివే అర్థశాస్త్ర పాఠ్యగ్రంథాలలో 'ప్రచ్ఛన్న నిరుద్యోగం' అనే మాట ఒకటి తప్పక వస్తుంది. ఇద్దరు చేయదగిన చేను పనిని ఇంటిల్లిపాదీ ఐదుగురు చేస్తూ ఉంటే, చూచేవారికి ఐదుగురూ పనిలో ఉన్నట్లే కనిపిస్తారు; ముగ్గురిని తప్పించినా పంట తగ్గదు. ఈ ఉదాహరణను ఉపాధ్యాయులు తరతరాలుగా చెబుతున్నారు, విద్యార్థులు పరీక్షలలో వ్రాస్తున్నారు. అయితే ఆ మాటను అర్థశాస్త్రంలో ప్రవేశపెట్టినది ఎవరని అడిగితే చెప్పగలవారు తక్కువ. 1936లో ఒక పత్రికా వ్యాసం ద్వారా దానిని లోకానికి అందించినది ముప్పది రెండేళ్ల ఆంగ్ల వనిత, జోన్ రాబిన్సన్. ఇరువదవ శతాబ్దపు అర్థశాస్త్ర చరిత్రలో ఆమెతో సమానంగా నిలువగల స్త్రీలు అరుదు. పురుషులు కూడా ఎక్కువమంది లేరు. మన దేశంతో ఆమెకు ఆరు దశాబ్దాలకు చేరువైన అనుబంధం ఉన్నది. ఈ ప్రత్యేక సంచికలో ఆమెను గూర్చి వ్రాయడానికి ఆ కారణాలు చాలును. మన ఊరికి సంబంధించిన మరొక కారణం ముందు ముందు చెబుతాను.

జోన్ వయొలెట్ మారిస్ 1903 అక్టోబరు 31న ఇంగ్లాండులోని సర్రే ప్రాంతంలో, కాంబర్లీ పట్టణంలో జన్మించారు. ఆ వంశానిది ఎదురు చెప్పే వంశం. ముత్తాత ఫ్రెడరిక్ డెనిసన్ మారిస్ క్రైస్తవ మతాచార్యులు. పాపులకు శాశ్వత నరకమనే భావనను ప్రశ్నించినందుకు 1853లో ఆయన లండన్ కింగ్స్ కళాశాలలోని ఆచార్య పదవిని కోల్పోయారు. బాలికల విద్యకై 1848లో క్వీన్స్ కళాశాలను, శ్రామికుల విద్యకై 1854లో మరొక కళాశాలను స్థాపించినవారు కూడా ఆయనే. తండ్రి సర్ ఫ్రెడరిక్ మారిస్ సైన్యంలో మేజర్ జనరల్. మొదటి ప్రపంచ యుద్ధం చివరి ఘట్టంలో, పశ్చిమ రణరంగంలోని సైనిక బలాన్ని గూర్చి ప్రధాని లాయిడ్ జార్జి ప్రభుత్వం పార్లమెంటుకు సరికాని మాట చెప్పిందని ఆరోపిస్తూ, 1918 మే నెలలో ఆయన పత్రికలకు బహిరంగ లేఖ వ్రాశారు. పార్లమెంటులో చర్చ జరిగింది, ప్రభుత్వం నెగ్గింది. మారిస్ గారి సైనిక జీవితం అంతటితో ముగిసింది. అప్పటికి కుమార్తెకు పదునాలుగేళ్లు. పైవారి మాట తప్పని తోచినప్పుడు, కలుగబోయే నష్టాన్ని ఎరిగియుండియు నోరు విప్పే గుణం ఆమెకు ఎక్కడి నుండి వచ్చిందో వేరుగా వెదకనక్కరలేదు.

లండన్‌లోని సెయింట్ పాల్స్ బాలికల పాఠశాలలో చరిత్ర ప్రధానంగా చదువుకొని, 1922లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి అనుబంధమైన గర్టన్ మహిళా కళాశాలలో ఆమె చేరారు. పేదరికం ఎందుకున్నదో, నిరుద్యోగం ఎందుకున్నదో తెలుసుకోవాలని అర్థశాస్త్రాన్ని ఎన్నుకున్నారు. ఆనాటి కేంబ్రిడ్జిలో స్త్రీల స్థితిని కొంచెం వివరించవలసియున్నది. స్త్రీలు తరగతులకు రావచ్చును, పరీక్షలు వ్రాయవచ్చును, ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులు కావచ్చును. పట్టా మాత్రం లేదు. స్త్రీలకు పట్టా ఇవ్వాలన్న ప్రతిపాదన 1897లో ఓడిపోయింది, 1921లోనూ ఓడిపోయింది. ఆ రెండవ విజయాన్ని పురస్కరించుకొని మగ విద్యార్థులు ఊరేగింపుగా వెళ్లి, న్యూన్‌హామ్ మహిళా కళాశాల కంచు ద్వారాలను తోపుడు బండితో గ్రుద్ది పాడుచేశారు. జోన్ అక్కడ అడుగుపెట్టినది ఆ మరుసటి సంవత్సరమే. 1925లో ఆమె ద్వితీయ శ్రేణిలో ఉత్తీర్ణురాలై నిరాశపడ్డారు. లభించినది నామమాత్రపు పట్టా. దానితో విశ్వవిద్యాలయ సభ్యత్వం గాని, ఓటు హక్కు గాని రావు. కేంబ్రిడ్జి స్త్రీలకు పూర్తి పట్టాలు ఇవ్వడం 1948లో మొదలైంది. అప్పటికి జోన్ రాబిన్సన్ అదే విశ్వవిద్యాలయంలో ఉపన్యాసకురాలిగా పదకొండేళ్లు గడిపియున్నారు.

ఇక్కడ మరొక స్త్రీని తలవకుండా ముందుకు సాగలేను. ఆనాటి కేంబ్రిడ్జి అర్థశాస్త్రానికి మూలపురుషుడు ఆల్‌ఫ్రెడ్ మార్షల్. ఆయన భార్య మేరీ పేలీ 1874లో కేంబ్రిడ్జి ఆనర్సు పరీక్ష వ్రాసిన తొలి మహిళలలో ఒకరు. ఆమె స్వయంగా అర్థశాస్త్రం బోధించారు. 1879లో భర్తతో కలిసి ఒక పాఠ్యగ్రంథం రచించారు. అటువంటి ఇల్లాలిని ఇంట ఉంచుకొని కూడా మార్షల్ మహాశయుడు స్త్రీలకు పట్టాలివ్వరాదని గట్టిగా వాదించారు. ఆ ఉమ్మడి గ్రంథాన్ని తరువాత వెలుగులోకి రానీయలేదు. భర్త గతించిన పిదప మేరీ పేలీ ఆయన పేరిట వెలసిన గ్రంథాలయంలో ఎనుబది యేడేళ్ల వయస్సు వరకు పనిచేశారు. జోన్ విద్యార్థినిగా కంఠతా పట్టినది ఆ మార్షల్ సిద్ధాంతాలనే. పిమ్మట వాటి పునాదులను కదిలించినవారిలో ఆమె ఒకరు.

1926లో ఆమెకు యువ అర్థశాస్త్రవేత్త ఆస్టిన్ రాబిన్సన్‌తో వివాహమైంది. ఆ సంవత్సరమే దంపతులు భారతదేశానికి వచ్చారు. గ్వాలియరు మహారాజు మాధవరావు సింధియా 1925లో మరణించగా, వారసుడు జీవాజీరావు పదేళ్ల బాలుడు. ఆ బాలరాజుకు విద్య గరపే పని ఆస్టిన్‌కు లభించింది. గ్వాలియరులో రెండు సంవత్సరాలకు పైగా గడిపిన కాలంలోనే ఆ ఇల్లాలికి మన దేశపు ఆర్థిక సమస్యలు పరిచయమైనవి. స్వదేశీ సంస్థానాలకు, బ్రిటిష్ ప్రభుత్వానికి గల సంబంధాలను విచారించడానికి 1927లో బట్లర్ సంఘం ఏర్పడినప్పుడు, సంస్థానాధీశుల పక్షాన సిద్ధమైన నివేదిక రచనలో ఆమె కూడా పాలు పంచుకున్నారు. ఆ నివేదిక 1929లో గ్రంథరూపంలో వెలువడింది. ఓడరేవులలో వసూలయ్యే దిగుమతి సుంకం భారం సంస్థానాల ప్రజల మీద కూడా పడుతుండగా ఆ రాబడి అంతా బ్రిటిష్ ఇండియా ఖజానాకే చేరుతున్నదని సంస్థానాల ప్రధాన ఫిర్యాదు. షోలాపురం సరిహద్దు దాటగానే నైజాం రాజ్యపు కరోడుగిరి నాకా వద్ద మూటలు విప్పి చూపవలసి వచ్చిన రోజులను మన పెద్దలు చెప్పగా విన్నవారికి, ఈ సుంకాల తగవు పుస్తకాల గొడవగా తోచదు.

కేంబ్రిడ్జికి తిరిగి వచ్చిన పిదప ఆమె ప్రతిభ వికసించింది. 1933లో ఆమె తొలి మహాగ్రంథం, 'అసంపూర్ణ పోటీ అర్థశాస్త్రం', వెలువడింది. ఇదే విషయంపై హార్వర్డు నుండి చాంబర్లిన్ గ్రంథం కూడా అదే సంవత్సరం రావడం ఒక విశేషం. అంతవరకు శాస్త్రం సంపూర్ణ పోటీనే సహజమని భావించేది: అమ్మేవారు అనేకులు, కొనేవారు అనేకులు, ధరను ఏ ఒక్కరూ శాసించలేరు. నిజమైన బజారు అట్లుండదని పియరో స్రాఫా 1926లోనే సూచించారు. ఆ సూచనను జోన్ రాబిన్సన్ సమగ్ర శాస్త్రంగా నిర్మించారు. అమ్మేవాడు ఒక్కడే అయితే గుత్త అంటాము. కొనేవాడు ఒక్కడే అయితే? దానికి అంతవరకు పేరు లేదు. ప్రాచీన భాషాపండితుడు హాల్‌వర్డు సహాయంతో గ్రీకు ధాతువు నుండి ఆమె 'మొనాప్సనీ' అనే పదాన్ని సృష్టించారు. తెలుగులో క్రయగుత్త అనుకుందాము.

మన ఊరి సంబంధం ఇక్కడనే ఉన్నది. తెలంగాణ ప్రాంతం నుండి మగ్గాన్ని నమ్ముకొని షోలాపురం చేరిన కుటుంబాల బిడ్డలమే మనలో అనేకులం. ఇంటి మగవారు మగ్గాల మీద, ఆడవారు బీడీల మీద సంసారాలు ఈదుకొచ్చినారు. నూలు ఇచ్చేవాడూ, నేసిన బట్ట తీసుకొనేవాడూ, అవసరానికి బాకీ ఇచ్చేవాడూ ఒక్కడే అయినప్పుడు కూలీ ఎవరి మాట మీద నిలుస్తుందో మన ఇళ్లలో ఒకరు చెప్పనక్కరలేదు. ఆకు, పొగాకు తెచ్చుకొని ఇంటిలో వేయి బీడీలు చుట్టి అప్పగించే తల్లి, చంటిబిడ్డను వదలి మరొక ఊరికి పోయి బేరమాడగలదా? ఆమె శ్రమకు ఎందరు కొనుగోలుదారులున్నా, ఆమెకు అందుబాటులో ఉన్నవాడు ఒక్కడే. కేంబ్రిడ్జిలో కూర్చుని వ్రాసిన ఆ గ్రంథం మన ఊరిని ఎరుగదు. అయినను అందులోని తర్కం మన వాడల్లో వీధి వీధికీ వర్తిస్తుంది.

ఆ తర్కాన్ని ఒక చిన్న లెక్కతో చూపుతాను. ఉన్నత తరగతుల విద్యార్థులు కాగితం మీద వేసి చూడవచ్చును. ఒక యజమాని వద్ద పదిమంది పనివారున్నారు, దినకూలి 500 రూపాయలు. మొత్తం 5,000. పదకొండవ మనిషి 520 రూపాయలకు గాని రాడు. అతనికి 520 ఇస్తే మిగిలిన పదిమందికీ అంతే ఇవ్వాలి. మొత్తం 5,720. అనగా పదకొండవ మనిషి కూలి 520 అయినా, యజమానికి అతని వలన పెరిగే ఖర్చు 720 రూపాయలు. అతడు రోజుకు 650 రూపాయల విలువగల పని చేయగలిగినప్పటికీ యజమాని అతనిని పెట్టుకోడు. పెట్టుకున్న పదిమందికీ వారి పనికి తగిన విలువ ముట్టదు. కూలీ తగ్గింది, పని కూడా తగ్గింది. ఇప్పుడు ప్రభుత్వం కనీస వేతనం 520 అని శాసించిందనుకుందాము. పదిమందికీ 520 ఎట్లాగూ ఇవ్వవలసిందే గనుక, పదకొండవ మనిషి వలన పెరిగే ఖర్చు 520 మాత్రమే. అతడు 650 విలువ చేస్తాడు గనుక యజమాని పిలిచి పనిలో పెట్టుకుంటాడు. కనీస వేతనం పెంచితే పనులు పోతాయన్న వాదన అన్నిచోట్లా నిలువదని 1933లోనే ఈ గ్రంథం నిరూపించింది.

ఆ గ్రంథమే ఆమెకు కీర్తి తెచ్చింది. ఆశ్చర్యమేమంటే, ఇరువది యేండ్ల తరువాత ఆ గ్రంథపు పద్ధతిని తీవ్రంగా విమర్శించినవారు కూడా ఆమెయే. కాలాన్ని స్తంభింపజేసి గీసిన రేఖలతో వ్యాపారస్థుల నడవడిని వివరించలేమని 1953లో ఒక వ్యాసంలో వ్రాశారు; 1969లో వచ్చిన ద్వితీయ ముద్రణ పీఠికలోనూ మొగమాటపడలేదు. స్వంత గ్రంథాన్ని ఇంత నిర్దయగా పరీక్షించుకున్న పండితులు ఏ శాస్త్రంలోనైనా కొద్దిమందే.

1930లో కీన్స్ ద్రవ్యాన్ని గూర్చిన తన బృహద్గ్రంథాన్ని ప్రకటించగానే కేంబ్రిడ్జిలో కొందరు యువకులు చేరి దానిని చర్చించసాగారు. రిచర్డ్ కాన్, స్రాఫా, జేమ్స్ మీడ్, ఆస్టిన్, జోన్ అందులోని వారు. తమ సందేహాలను కాన్ ద్వారా కీన్స్‌కు చేరవేసేవారు. ఆ సందేహాల నుండే 1936 నాటి 'సాధారణ సిద్ధాంతం' రూపు దిద్దుకున్నది. ఆ గ్రంథం కఠినమైనది. సామాన్య విద్యార్థికి అందేట్లు జోన్ 1937లో ఒక చిన్న పరిచయ గ్రంథం వ్రాశారు. ప్రచ్ఛన్న నిరుద్యోగం అన్న వ్యాసం కూడా ఆ సందర్భానిదే. ఆమె చూపిన దృశ్యం మన పొలం కాదు. ఆర్థికమాంద్యంలో కర్మాగారం నుండి వెళ్లగొట్టబడిన పనివాడు పస్తులుండలేక వీధిలో అగ్గిపెట్టెలు అమ్ముకుంటూ ఉంటే, వానిని లెక్కలు ఉద్యోగిగా చూపినా నిజానికి వాడు నిరుద్యోగియే అని ఆమె భావం. ఆ మాటను పల్లెలకు, పొలాలకు అన్వయించినవారు తరువాతి అభివృద్ధి అర్థశాస్త్రవేత్తలు. మూసివేసిన మిల్లుల నుండి బయటపడి తోపుడు బండ్లు పెట్టుకున్న వారిని చూచిన షోలాపుర వాసులకు ఆమె చెప్పిన మూలార్థమే ఎక్కువ దగ్గరగా తోచవచ్చును.

పదవుల విషయం త్వరగా చెప్పుకుందాము. 1937లో ఉపన్యాసకురాలు, 1949లో రీడరు, 1965లో ఆచార్యురాలు. అనగా ప్రపంచ ప్రసిద్ధి గాంచిన గ్రంథం వెలువడిన 32 సంవత్సరాలకు, తన 62వ యేట, ఆమెకు ఆచార్య పదవి దక్కింది. అది కూడా ఆమె భర్త పదవీ విరమణ చేసిన పిదపనే. 1971లో తాను విరమించారు. ఈ నడుమ ఇద్దరు కుమార్తెలను పెంచారు.

1942లో మార్క్సు అర్థశాస్త్రంపై ఆమె వ్రాసిన చిన్న గ్రంథం రెండు పక్షాలకూ రుచించలేదు. మార్క్సును అర్థశాస్త్రజ్ఞుడిగా గౌరవించినందుకు సంప్రదాయవాదులు, ఆయన విలువ సిద్ధాంతాన్ని త్రోసిపుచ్చినందుకు మార్క్సిస్టులు నొచ్చుకున్నారు. రోజా లక్సెంబర్గు గ్రంథానికి 1951లో వెలువడిన ఆంగ్లానువాదానికి పీఠిక వ్రాశారు. 1956లో అదే పేరుతో, 'మూలధన సంచయనం' అనే తన ప్రధాన గ్రంథాన్ని ప్రకటించారు.

ఆమె లేవదీసిన వివాదాలలోకెల్లా పెద్దది మూలధనాన్ని గూర్చినది. ఉత్పత్తి అనేది శ్రమ, మూలధనముల ఫలితమనీ, మూలధనం పరిమాణాన్ని బట్టి లాభం రేటు ఏర్పడుతుందనీ పాఠ్యగ్రంథాలు బోధించేవి. మూలధనాన్ని ఏ కొలతతో కొలుస్తారని 1953-54లో ఆమె అడిగారు. శ్రమను గంటలలో, భూమిని ఎకరాలలో కొలుస్తాము. మగ్గాలు, రంగు తొట్లు, నూలు నిల్వ, గోదాము – వీటిని కూడేది ఎట్లా? రూపాయలలో విలువ కట్టాలి. ఆ విలువ కట్టాలంటే ముందే లాభం రేటు తెలియాలి. దేనిని కనుగొనడానికి లెక్క మొదలుపెట్టామో, అది తెలిస్తే గాని లెక్క మొదలు కాదు. ఇంగ్లాండులోని కేంబ్రిడ్జికీ, అమెరికాలోని కేంబ్రిడ్జి నగర పండితులకూ దీనిపై పదేండ్లకు పైగా వాదం నడిచింది. 1966లో అమెరికా పక్షపు ప్రముఖుడు పాల్ సామ్యూల్‌సన్ తమ సరళమైన కథ అన్నివేళలా నిలువదని అంగీకరించారు. వాదం గెలిచినా పాఠ్యగ్రంథాలు మాత్రం మారలేదు. ఆ అసంతృప్తి ఆమెను కడవరకూ వదలలేదు.

ఆమె శిష్యకోటిలో భారతీయులు అనేకులు. 1953లో కేంబ్రిడ్జి చేరిన అమర్త్యసేన్ పరిశోధనకు ఆమె మార్గదర్శకులు. సంక్షేమ అర్థశాస్త్రం వైపు పోవద్దని ఆయనకు గట్టిగా హితవు చెప్పారు. శిష్యుడు వినలేదు, 1998లో నోబెల్ బహుమానం ఆయనకు ఆ రంగంలోని కృషికే వచ్చింది! ప్రధానమంత్రిగా పనిచేసిన డాక్టర్ మన్మోహన్‌సింగ్ కూడా 1955-57 నాటి తన గురువులలో ఆమెను ప్రత్యేకంగా స్మరించేవారు. ఆమె పలుమార్లు మన దేశానికి వచ్చారు. 1970 దశకంలో తిరువనంతపురంలోని అభివృద్ధి అధ్యయన కేంద్రంలో కొంతకాలం గడిపి, అక్కడి యువ పరిశోధకులతో సమానంగా వాదించారు. శాకాహారం, నిరాడంబరత, ఇంగ్లాండు చలిలో తోటలోని వెచ్చదనం లేని చిన్న పాకలో నిద్రించడం ఆమె అలవాట్లు.

ఇంతవరకు వ్రాసి ఆగితే అది స్తోత్రపాఠమవుతుంది. ఆమె జీవితంలో మింగుడుపడని ఘట్టం ఒకటున్నది. 1964లో ఉత్తర కొరియాను సందర్శించి, అక్కడి పాలనను అద్భుతమని కొనియాడుతూ వ్యాసం వ్రాశారు. చైనా సాంస్కృతిక విప్లవాన్ని సమర్థిస్తూ 1969లో ఒక గ్రంథమే ప్రకటించారు. 1959-61 మధ్య చైనాలో సంభవించిన కరవులో కోట్లాది ప్రజలు మరణించినారని ఇప్పుడు లోకమంతా ఎరుగును. సాంస్కృతిక విప్లవంలో ఉపాధ్యాయులు ఎన్ని అవమానాలకు, హింసకు గురియైనారో కూడా ఎరుగును. అర్థశాస్త్రజ్ఞులు చెప్పినదెల్లా నమ్మవద్దని జీవితమంతా బోధించిన మనిషి, ప్రభుత్వ అతిథిగా చూపిన దృశ్యాలను నమ్మివేశారు. ఆనాడు సమాచారం అందలేదని కొందరు ఆమె పక్షాన చెబుతారు. నాకు ఆ సమాధానం చాలదు. లెక్కలు దాచే ప్రభుత్వం లెక్కలను ప్రశ్నించకపోవడం సామాన్యునికి పొరపాటు కావచ్చు, ఆమె వంటి విమర్శకురాలికి అది పెద్ద లోపం. పత్రికా స్వాతంత్ర్యం లేకపోవడం ఆ కరవును ఎంత ఘోరం చేసిందో పిమ్మట వివరించినవారు ఆమె శిష్యుడు సేన్ కావడం గమనింపదగినది.

అర్థశాస్త్రంలో నోబెల్ బహుమానం 1969లో మొదలైంది. అంతర్జాతీయ మహిళా సంవత్సరమైన 1975లో అది జోన్ రాబిన్సన్‌కే వస్తుందని పలువురు భావించారు. రాలేదు. ఆమె రాజకీయాభిప్రాయాలే కారణమని కొందరు, తొలి గ్రంథాన్ని తానే కాదన్నందుకని కొందరు, స్త్రీ కావడమే కారణమని కొందరు అన్నారు. ఆ బహుమానం ఒక మహిళకు తొలిసారి దక్కినది 2009లో, ఎలినార్ ఆస్ట్రమ్‌కు. తరువాత 2019లో ఎస్తేర్ డ్యూఫ్లో, 2023లో క్లాడియా గోల్డిన్ పొందారు. 1979లో కేంబ్రిడ్జి కింగ్స్ కళాశాల, అనగా కీన్స్ కళాశాల, జోన్ రాబిన్సన్‌ను గౌరవ సభ్యురాలిగా ఎన్నుకున్నది; ఆ గౌరవం పొందిన తొలి మహిళ ఆమెయే. 1983 ఫిబ్రవరిలో పక్షవాతం సోకి, స్పృహ తిరిగి రాకుండానే ఆగస్టు 5న ఆమె కన్నుమూశారు. ఆ సంవత్సరం కీన్స్ శతజయంతి, మార్క్సు శతవర్ధంతి కూడా.

క్రయగుత్త అన్న భావన ఆ పిదప చాలాకాలం పాఠ్యగ్రంథాల మూలలలో పడియున్నది. 1994లో డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు పండితులు అమెరికాలోని న్యూజెర్సీలో కనీస వేతనం పెంచిన తరువాత చిరుతిండి శాలలలో ఉద్యోగాలు తగ్గినవా అని లెక్కించి చూశారు. తగ్గలేదు. ఎందుకు తగ్గలేదన్న చర్చలో 1933 నాటి ఆ పదం మరల బయటికి వచ్చింది. కార్డ్‌కు 2021లో నోబెల్ బహుమానం లభించింది. కూలి రేట్లను గూర్చి పరిశోధించేవారి వ్యాసాలలో నేడు 'మొనాప్సనీ' తరచుగా కనిపించే మాట.